సప్లై 12 వోల్టులు, కెపాసిటర్ మీద 14 వోల్టులు: ఒక సిరీస్ సర్క్యూట్ కేసు

ల్యాబ్‌లో శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి కొలతల నోట్‌బుక్ పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది. "సార్, మీటరు పాడైనట్టుంది. వేరేది ఇస్తారా?" అంది. ఎందుకలా అనిపించిందని అడిగితే పేజీ చూపించింది. రెసిస్టర్ మీద 6.6 వోల్టులు, కాయిల్ మీద 5.8, కెపాసిటర్ మీద 14 చిల్లర. మూడూ కలిపితే 26 దాటుతోంది. సప్లై మాత్రం 12.3 అని పైన రాసి ఉంది. ఒక్క కెపాసిటర్ వోల్టేజే సప్లై కంటే ఎక్కువ. "సప్లైలో లేని వోల్టేజ్ భాగాల్లోకి ఎక్కడి నుంచి వస్తుంది సార్?" అని అడిగింది.

మీటరు బాగానే ఉంది. ఆ మాట వెంటనే చెప్పలేదు. ముందు సర్క్యూట్ చూద్దామన్నాను.

సర్క్యూట్ చాలా చిన్నది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 12 వోల్టులు, 50 హెర్ట్జ్. దానికి సిరీస్‌లో 150 ఓమ్‌ల రెసిస్టర్, 0.4 హెన్రీ కాయిల్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. కాయిల్ ఇనుప కోర్ మీద చుట్టింది. కెపాసిటర్ బైపోలార్ ఎలక్ట్రోలిటిక్ రకం, అంటే ఏ వైపు కలిపినా పనిచేసేది. దాని ఒంటి మీద రాసిన రేటింగ్ 16 వోల్టులు.

ఆ 16 అంకె చూడగానే సప్లై ఆపేశాను. కెపాసిటర్‌ను వేలితో తాకితే వెచ్చగా ఉంది. రీడింగ్ ఎందుకు నిలవడం లేదో అప్పుడు అర్థమైంది. ఆమె మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ చివరి అంకెలు మారాయి. సప్లై 12 కాబట్టి 16 సరిపోతుందని ఆమె అనుకుంది. ఆ ఊహలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, మీటరు చూపేది ఆర్‌ఎంఎస్ విలువ, అంటే మారుతూ ఉండే వోల్టేజ్‌కు ఒక రకం సగటు. సైన్ తరంగం శిఖరం దానికి 1.414 రెట్లు ఉంటుంది. 14.1 ఆర్‌ఎంఎస్ అంటే శిఖరం దగ్గర దాదాపు 20 వోల్టులు. రెండోది, ఏసీ సిరీస్ సర్క్యూట్‌లో ఏ భాగం మీదైనా సప్లైని మించి వోల్టేజ్ ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేదు. డీసీలో బ్యాటరీకి రెసిస్టర్లు కట్టిన అలవాటు మనకు ఆ హామీ ఉన్నట్టు అనిపించేలా చేస్తుంది.

ఆ కెపాసిటర్ తీసేసి, అదే 10 మైక్రోఫారడ్ విలువలో 100 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ పెట్టాం. ఈసారి రీడింగులు కదలకుండా నిలబడ్డాయి. సప్లైని కూడా, సర్క్యూట్ ఆన్‌లో ఉండగానే మళ్లీ కొలవమన్నాను. 12.3 కాస్తా 12.0 అయింది. ముందు ఆమె కొలిచింది ఏమీ కలపని ట్రాన్స్‌ఫార్మర్‌ను. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ పడగానే కొంచెం దిగుతుంది. సప్లైని ఒక సమయంలో, భాగాలను ఇంకో సమయంలో కొలిచి రెండిటినీ ఒకే లెక్కలో పెట్టకూడదు.

కొత్త రీడింగులు ఇవి: రెసిస్టర్ 6.65, కాయిల్ 5.85, కెపాసిటర్ 14.12. మొత్తం 26.62. సమస్య అలాగే ఉంది.

"అయితే కిర్కాఫ్ నియమం ఏసీకి పనిచేయదా?" అని అడిగింది. నాకు ఈ ప్రశ్న అంటే ఇష్టం. గుస్తావ్ కిర్కాఫ్ 1845లో చెప్పిన నియమం, అంటే భాగాల వోల్టేజ్‌లన్నీ కూడితే సప్లైతో సమానం కావాలన్నది, ఏసీలో కూడా ప్రతి క్షణం పనిచేస్తుంది. ఆ "ప్రతి క్షణం" అన్న మాట మీదే కేసంతా నిలబడి ఉంది. మీటరు క్షణాన్ని చూపదు. ఒక్కో భాగం మీది తరంగం ఎంత పెద్దదో మాత్రం చూపుతుంది. ఆ మూడు తరంగాలూ ఒకేసారి శిఖరానికి చేరవు. వేర్వేరు వేళల్లో వచ్చే శిఖరాలను కూడి సప్లైతో పోలిస్తే కుదరదు.

మాటల్లో చెబితే ఆమె తల ఊపింది గానీ కళ్లలో నమ్మకం కనిపించలేదు. అందుకే తరంగాలను తెర మీద గీతలుగా చూపే ఆసిలోస్కోప్ తెచ్చాం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మామూలు రెండు ఛానెళ్ల స్కోప్‌లో రెండు ప్రోబుల గ్రౌండ్ క్లిప్పులూ లోపల కలిసే ఉంటాయి. ఒక క్లిప్పు రెసిస్టర్ చివర, ఇంకోటి కాయిల్ చివర పెడితే మధ్యలో ఉన్న భాగం షార్ట్ అయిపోతుంది. అందుకని రెసిస్టర్‌ను సిరీస్‌లో చివరికి, సప్లై గ్రౌండ్ వైపుకు జరిపాం. సిరీస్‌లో వరుస మార్చినా కరెంటు మారదు. ఇప్పుడు రెండు క్లిప్పులూ ఒకే చోట. ఒక ఛానెల్‌లో సప్లై, రెండో ఛానెల్‌లో రెసిస్టర్ వోల్టేజ్. రెసిస్టర్ వోల్టేజ్ ఎప్పుడు ఎటు వెళితే కరెంటూ అటే వెళుతుంది కాబట్టి రెండో గీతను కరెంటు బొమ్మగా చదువుకోవచ్చు.

కరెంటు గీత సప్లై గీత కంటే ముందు నడుస్తోంది, సుమారు రెండున్నర మిల్లీసెకన్లు. ఒక పూర్తి తరంగానికి 20 మిల్లీసెకన్లు కాబట్టి అది 45 డిగ్రీల తేడా.

ఆ తర్వాత రెండు క్షణాలను కాగితం మీద రాసి చూశాం. నాకు తెలిసినంతలో ఫేజర్ బొమ్మ (వోల్టేజ్‌లను బాణాలుగా గీసేది) కంటే ముందు ఈ రెండు క్షణాలు చూపిస్తేనే విషయం మనసుకెక్కుతుంది.

మొదటి క్షణం, కరెంటు సున్నా దాటి పైకి వెళ్తున్నప్పుడు. కరెంటు లేదు కాబట్టి రెసిస్టర్ మీద సున్నా. కాయిల్ వోల్టేజ్ కరెంటు మారే వేగాన్ని బట్టి వస్తుంది. సున్నా దగ్గరే ఆ వేగం అత్యధికం. అందుకని కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును ఎదిరించే గుణం) మీద ప్లస్ 7.9 వోల్టులు. కెపాసిటర్‌లో అంతవరకూ ఉల్టా దిశలో చేరిన చార్జి అప్పుడే నిండుగా ఉంటుంది, అంటే మైనస్ 20. కూడితే మైనస్ 12.1. సప్లై గీత మీద అదే క్షణంలో చదివితే మైనస్ 12 చిల్లర. సరిపోయింది. సప్లైకి మించి ఉన్న ఆ 20 వోల్టులు ఎక్కడివన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. ఆ క్షణంలో కాయిల్ ఎదురు నిలబడి అందులో దాదాపు 8 వోల్టులను మోస్తోంది. మిగిలిన 12నే సప్లై మోయాలి.

రెండో క్షణం, కరెంటు శిఖరం మీద ఉన్నప్పుడు. అక్కడ కరెంటు ఒక్క క్షణం మారదు, కాబట్టి ఇండక్టెన్స్ మీద సున్నా. కెపాసిటర్ చార్జి సరిగ్గా సున్నా దాటుతోంది. మిగిలింది రెసిస్టర్ ఒక్కటే, 9.4 వోల్టులు. సప్లై మీద చదివితే 11.9.

ఇక్కడ ఆమె ఆగింది. "మొదటి క్షణంలో సరిపోయింది. రెండోదాంట్లో రెండున్నర వోల్టులు తక్కువ పడింది సార్."

నేను ఆశించిన దానికంటే ముందే పట్టుకుంది. అక్కడి నుంచి కేసు రెండో అంచెలోకి వెళ్లింది. నా మటుకు అసలు కేసు అదే.

పుస్తకంలో నేర్చుకున్న లెక్క ఆమె ముందే వేసి పెట్టుకుంది. కాయిల్ రియాక్టెన్స్ (ఏసీకి అది చూపే అడ్డు) అంటే 2 × 3.1416 × 50 × 0.4, అది 125.7 ఓమ్‌లు. కెపాసిటర్ రియాక్టెన్స్ 318.3 ఓమ్‌లు. ఇవి రెండూ ఎదురెదురు కాబట్టి తేడా 192.6. దానికి లంబంగా రెసిస్టర్ 150. పైథాగరస్ సూత్రంతో ఇంపెడెన్స్, అంటే సర్క్యూట్ మొత్తం అడ్డు, 244.2 ఓమ్‌లు. 12 వోల్టులను దానితో భాగిస్తే కరెంటు 49.1 మిల్లీఆంపియర్లు. దాన్ని ఒక్కో భాగంతో గుణిస్తే రెసిస్టర్ మీద 7.37, కాయిల్ మీద 6.18, కెపాసిటర్ మీద 15.64 రావాలి. పరీక్షలో ఈ జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. మా బల్ల మీద మాత్రం మూడూ తక్కువ వచ్చాయి.

చాలామంది ఇక్కడ "పది శాతం లోపే కదా, భాగాల టాలరెన్స్ అయి ఉంటుంది" అని ముగించేస్తారు. ఆమె కూడా అదే అంది. నాకు ఆ మాట ఎప్పుడూ నచ్చదు. టాలరెన్స్, అంటే భాగం మీద రాసిన విలువకూ అసలు విలువకూ ఉండే తేడా, నిజంగానే ఉంటుంది, కానీ చూడకుండా దాని మీదకు నెట్టేస్తే ఆ తేడా చెప్పబోయే సంగతి వినకుండా పోతుంది. ముందు నిష్పత్తులు తీయమన్నాను. రెసిస్టర్ మీద కొలిచింది 6.65, లెక్క 7.37. నిష్పత్తి 0.90. కెపాసిటర్ మీద 14.12కి 15.64. మళ్లీ 0.90. కాయిల్ మీద 5.85కి 6.18. అది 0.95.

రెండు భాగాలు ఒకేలా తగ్గాయి, మూడోది అంతగా తగ్గలేదు. సిరీస్‌లో కరెంటు అందరికీ ఒకటే. కరెంటు పది శాతం తగ్గితే రెసిస్టరూ కెపాసిటరూ అదే పది శాతం తగ్గుతాయి, తగ్గాయి కూడా. అంటే వాటి విలువలు కాగితం మీద ఉన్నట్టే ఉన్నాయి. కాయిల్ ఒక్కటే తన వంతుకు మించి వోల్టేజ్ తీసుకుంటోంది. తప్పు ఎవరి లెక్కలో ఉందో ఆ మూడు భాగహారాలే చెప్పేశాయి.

రెసిస్టర్‌తో అసలు కరెంటు తేల్చాం: 6.65ను 150తో భాగిస్తే 44.3 మిల్లీఆంపియర్లు. సిరీస్ సర్క్యూట్‌లో విలువ తెలిసిన రెసిస్టర్ ఉంటే విడిగా అమ్మీటరు పెట్టనక్కర్లేదు. కాయిల్ వోల్టేజ్‌ను ఆ కరెంటుతో భాగిస్తే 132 ఓమ్‌లు వచ్చింది. లెక్కలో ఉన్నది 125.7. మిగతాది రాగి తీగది. వందల అడుగుల సన్న తీగ చుట్టిన కాయిల్‌కు సొంత రెసిస్టెన్స్ ఉంటుంది. బొమ్మలో మనం గీసే ఇండక్టర్ గుర్తుకు అది ఉండదు, బల్ల మీది కాయిల్‌కు ఉంటుంది. రెండో క్షణంలో తక్కువ పడ్డ రెండున్నర వోల్టులు దాని మీదే ఉన్నాయి.

ఆ రెసిస్టెన్స్ ఎంత? సర్క్యూట్ విప్పి ఓమ్ మీటరు పెడితే 34 అని చూపింది. కానీ ఓమ్ మీటరు పంపేది డీసీ. ఇనుప కోర్ ఉన్న కాయిల్ ఏసీలో ఇంకొంచెం శక్తిని తింటుంది. కోర్‌లో పుట్టే సుడి కరెంట్లు ఒకటి, ప్రతి తరంగానికీ ఇనుము అటూ ఇటూ అయస్కాంతీకరణ మారడంలో పోయేది ఇంకోటి. ఆ నష్టం కూడా బయటి నుంచి చూస్తే రెసిస్టెన్స్‌లాగే కనిపిస్తుంది. కాబట్టి ఏసీలో పని చేస్తున్నప్పుడే కొలవాలి.

దానికి వాడేది ఒక పాత పద్ధతి, మూడు వోల్ట్‌మీటర్ల పద్ధతి అంటారు. ఒక్క మీటరుతో మూడుసార్లు కొలిచినా చాలు. రెసిస్టర్ మీద, కాయిల్ మీద, రెండూ కలిపి. మొదటి రెండూ మా దగ్గరున్నాయి. భాగాల వరుస మళ్లీ మార్చి రెసిస్టర్, కాయిల్ పక్కపక్కన పెట్టి రెండింటి మీదా కలిపి కొలిస్తే 10.10 వచ్చింది.

ఈ ఒక్క అంకెను కాసేపు చూడమన్నాను. కాయిల్ పూర్తిగా రెసిస్టర్ లాంటిదే అయితే 6.65, 5.85 నేరుగా కూడి 12.50 రావాలి. పూర్తిగా ఇండక్టర్ అయితే రెండూ లంబంగా ఉండి 8.86 రావాలి. వచ్చింది మధ్యలో. కాయిల్ వోల్టేజ్ అటు కరెంటుతో కలవకుండా, ఇటు 90 డిగ్రీలూ తిరగకుండా నడుమ ఎక్కడో వాలి ఉంది.

ఎంత వాలి ఉందో త్రిభుజం చెబుతుంది. 10.10 వర్గం 102.01. అందులోంచి 6.65 వర్గం 44.22, 5.85 వర్గం 34.22 తీసేస్తే మిగిలేది 23.57. దాన్ని 6.65కు రెట్టింపైన 13.3తో భాగిస్తే 1.77. కాయిల్ మీది 5.85 వోల్టుల్లో కరెంటుతో పాటు నడిచే భాగం ఇదే, అంటే రెసిస్టెన్స్ భాగం. కరెంటుతో భాగిస్తే 40 ఓమ్‌లు. మిగిలిన లంబ భాగం 5.57 వోల్టులు. దాన్నీ కరెంటుతో భాగిస్తే 125.7 ఓమ్‌లు. కాయిల్ మీద రాసిన 0.4 హెన్రీ నిజమే.

ఇప్పుడు మొత్తం కూడాం. కరెంటుతో నడిచేవి 6.65, 1.77 కలిపి 8.42. లంబంగా నడిచేవి 14.12లోంచి 5.57 తీసేస్తే 8.55. ఈ రెండూ భుజాలుగా గీసిన లంబకోణ త్రిభుజం కర్ణం 12.0. సప్లై దగ్గర ఆన్‌లో కొలిచిన అంకె.

ఆమె ఆ కర్ణం లెక్క రెండుసార్లు వేసుకుంది. రెండోసారి వేసేటప్పుడు ముఖంలో వచ్చిన వెలుగు కోసమే నేను ఈ పని ఇన్నేళ్లుగా చేస్తున్నాను.

ఈ పద్ధతిలో ఒక బలహీనత ఉంది, వాడేవాళ్లకు అది తెలియాలి. పెద్ద వర్గాల్లోంచి పెద్ద వర్గాలు తీసేసి చిన్న మిగులు మీద ఆధారపడుతున్నాం. 10.10 బదులు మీటరు ఒక్క శాతం ఎక్కువగా 10.20 చూపి ఉంటే, కాయిల్ రెసిస్టెన్స్ 40 బదులు 43 పైన వచ్చేది. ఒక శాతం తప్పు ఎనిమిది శాతం అయింది. అందుకే మూడు కొలతలకూ ఒకే మీటరు, ఒకే రేంజ్ వాడాలి, వెంటవెంటనే కొలవాలి. 34కీ 40కీ మధ్య ఉన్న 6 ఓమ్‌లు మొత్తం కోర్ నష్టమే అని నేను గట్టిగా అనను. అందులో కొంత కొలత తప్పు అయ్యుండొచ్చు, తీగ వెచ్చబడి పెరిగింది కొంత ఉండొచ్చు. అయితే మూడుసార్లు కొలిచినా 39 నుంచి 41 మధ్యే వచ్చింది కాబట్టి ఆ తర్వాతి లెక్కలకు 40 తీసుకున్నాం.

మీటరు వల్ల సర్క్యూట్ చెదిరిందా అని కూడా ఆమె అడిగింది, అడగాల్సిందే. మా డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్స్ 10 మెగా ఓమ్‌లు. 318 ఓమ్‌ల పక్కన అది లేనట్టే. భాగాలు వందల కిలో ఓమ్‌లలో ఉంటే మాత్రం ఈ మాట అనలేం.

ఫేజర్ బొమ్మ ఆఖరున గీశాం. కరెంటు బాణం అడ్డంగా. దాని మీదే రెసిస్టర్ వోల్టేజ్. దాని కొన నుంచి కాయిల్ బాణం 72 డిగ్రీలు పైకి వాలుతూ. అక్కడి నుంచి కెపాసిటర్ బాణం నిటారుగా కిందికి, అన్నింటికంటే పొడవుగా. మొదలు నుంచి ఆఖరి కొన వరకూ గీసిన గీతే సప్లై. ఏసీ లెక్కల్లో సంకీర్ణ సంఖ్యల వాడకాన్ని 1893లో చార్లెస్ ప్రోటియస్ స్టైన్‌మెట్జ్ ఇంజనీర్లకు అలవాటు చేశాడు. అంతకు ముందు ఇదే పనికి ఎక్కువగా అవకలన సమీకరణాలు సాధించాల్సి వచ్చేది. అది తెలిశాక ఈ బాణాల మీద నాకు గౌరవం పెరిగింది. అయితే బాణాలు గీసే ముందు ఆ రెండు క్షణాలు చూసి ఉండకపోతే ఆమెకు ఇది కేవలం జ్యామితి అయ్యేది.

చివరి భాగం ఆమెకే వదిలేశాను. కెపాసిటర్‌కు సమాంతరంగా ఇంకో 15 మైక్రోఫారడ్ కలిపి 25 చేయమన్నాను. రెసిస్టర్‌ను 47 ఓమ్‌లకు దించమన్నాను. స్విచ్ వేసే ముందు అన్ని వోల్టేజ్‌లూ లెక్క కట్టి, ఏ భాగం తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో రాసి చూపించమన్నాను.

ఆమె లెక్క ఇలా వచ్చింది. కెపాసిటర్ రియాక్టెన్స్ 127.3, కాయిల్‌ది 125.7. దాదాపు రెండూ కొట్టేసుకున్నాయి, ఇది అనునాదానికి దగ్గర. మిగిలింది 47, 40 కలిపి 87 ఓమ్‌లు. కరెంటు 138 మిల్లీఆంపియర్లు. రెసిస్టర్ మీద 6.5, కాయిల్ మీద 18.2, కెపాసిటర్ మీద 17.6. కెపాసిటర్ శిఖరం 25 వోల్టులు, 100 రేటింగ్‌కు ఇబ్బంది లేదు. కాయిల్ మీద 150 మిల్లీఆంపియర్లు అని రాసి ఉంది, పరిమితికి దగ్గర కాబట్టి ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకూడదు. రెసిస్టర్‌లో దాదాపు 0.9 వాట్లు, పావు వాట్ రెసిస్టర్ పనికిరాదు. 2 వాట్లది వెతికి తెచ్చింది. రెసిస్టర్ పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో కూడా లెక్క వేసి, కరెంటు 300 మిల్లీఆంపియర్లు, కెపాసిటర్ మీద 38 వోల్టులు అని పక్కన రాసింది. కాయిల్ తట్టుకోదు కాబట్టి ఆ ప్రయోగం చేయనని కింద గీత గీసింది.

స్విచ్ వేసి కొలిచింది. రెసిస్టర్ 6.0, కాయిల్ 16.8, కెపాసిటర్ 16.2. లెక్క కంటే మూడూ తక్కువ.

నేను ఏమీ అనలేదు. ఆమె పెన్ను తీసుకుని మూడు నిష్పత్తులు వేసింది. మూడూ 0.92. "మూడూ ఒకేలా తగ్గాయి, కాబట్టి భాగాలు బాగానే ఉన్నాయి" అంటూ ప్రోబులను భాగాల మీద నుంచి తీసి, సర్క్యూట్ ఆన్‌లో ఉండగానే ట్రాన్స్‌ఫార్మర్ కొనల మీద పెట్టింది. 11.1 అని చూపింది. 11.1ని 12తో భాగించి, నోట్‌బుక్‌లో 0.92 అని రాసి, స్విచ్ ఆపేసింది.